సైకిల్ గేర్లు సరిగ్గా పడట్లేదా? స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఇది చదవండి

మనం ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, వాచ్‌ల గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి బ్యాటరీ లేని ఒక గ్యాడ్జెట్ గురించి చూద్దాం. అదే గేర్ సైకిల్. హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ రూఫ్ కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలయ్యాక మా ఆఫీసులోనే నలుగురైదుగురు గేర్ సైకిళ్లు కొన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. కొన్నాళ్లకి అందరిదీ ఒకటే కంప్లయింట్: "గేర్ మారుస్తుంటే కటకటమని సౌండ్ వస్తోంది."

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్. ముందు 3, వెనక 8, మొత్తం 24 గేర్లు. ఒక ఆదివారం రెండు నిమిషాల వీడియో ఒకటి చూసి, వెనక గేర్ మెకానిజం మీద కనిపించిన స్క్రూలన్నీ తిప్పేశాను. ఏది ఎటు, ఎంత తిప్పానో గుర్తు కూడా పెట్టుకోలేదు. సోమవారం ఆఫీసుకి వెళ్తూ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అన్నిటికంటే తేలికైన గేర్‌కి మార్చాను. చైన్ హద్దు దాటి స్పోక్స్‌లోకి దిగింది. దాని వెనకే గేర్ మెకానిజం కూడా వీల్‌లోకి వెళ్లిపోయింది. వీల్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది, నేను కింద పడ్డాను. ఎత్తు ఎక్కుతున్నాను కాబట్టి స్పీడ్ తక్కువ. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. వెనకాల వస్తున్న ఆటో టైమ్‌కి ఆగింది కాబట్టి ఈ ఆర్టికల్ రాస్తున్నాను.

సైకిల్‌ని తోసుకుంటూ రిపేర్ షాపుకి తీసుకెళ్తే, ఆ మెకానిక్ అన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది: "తమ్ముడూ, స్క్రూలు తిప్పే ముందు ఏం ఖరాబైందో చూసినవా?"

"లేదన్నా. సౌండ్ వస్తోందని తిప్పేశా."

"పెద్ద గేర్ చక్రం మీదికి ఎక్కనీకి లేట్ చేస్తుండెనా?"

"అవునన్నా, ఎక్కడానికే. దిగేటప్పుడు బానే దిగేది."

"మరి కేబుల్ లూజైంది, అంతే. ఆ చిన్న నాబ్ సగం చుట్టు తిప్పితే అయిపోతుండె."

సగం చుట్టుతో పోయే సమస్యకి నాకు కొత్త డిరైలర్, ఐదు స్పోక్స్, ఒక రోజు లీవు ఖర్చయ్యాయి. రోజూ కోడ్ డీబగ్ చేసేవాణ్ని, లాగ్ చూడకుండా ప్రొడక్షన్‌లో మూడు సెట్టింగ్స్ ఒకేసారి మార్చినట్టు చేశాను. ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నది మీకు ఒక వరుసలో చెప్తాను. ఈ వరుసే ముఖ్యం.

గేర్ మారినప్పుడు అసలు ఏం జరుగుతుంది?

వెనక వీల్ మధ్యలో చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పళ్ల చక్రాలు వరుసగా ఉంటాయి. ఒక్కోదాన్ని కాగ్ అంటారు. మొత్తం సెట్ క్యాసెట్, తక్కువ ధర సైకిళ్లలో అయితే ఫ్రీవీల్. వాటి కింద వేలాడుతూ, రెండు చిన్న ప్లాస్టిక్ పుల్లీలతో చైన్‌ని పట్టుకుని ఉండేదే డిరైలర్. హ్యాండిల్ దగ్గర షిఫ్టర్ నొక్కితే ఒక స్టీల్ కేబుల్ లాగబడుతుంది. ఆ లాగుడుకి డిరైలర్ లోపలికి, అంటే స్పోక్స్ వైపుకి జరిగి, చైన్‌ని పెద్ద కాగ్ మీదికి తోస్తుంది. కేబుల్ వదిలితే డిరైలర్‌లో ఉన్న స్ప్రింగ్ దాన్ని బయటికి, చిన్న కాగ్ వైపుకి లాగేస్తుంది. అంటే ఎక్కించేది కేబుల్, దించేది స్ప్రింగ్. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం రిపేరు వచ్చినట్టే.

ఒకప్పుడు షిఫ్టర్‌లో క్లిక్కులు ఉండేవి కావు. లీవర్‌ని కొంచెం కొంచెం జరుపుతూ, చెవితో విని గేర్ సెట్ చేసుకోవాల్సి వచ్చేది. 1984లో షిమానో తన డ్యూరా-ఏస్ గ్రూప్‌సెట్‌లో ఒక క్లిక్‌కి ఒక గేర్ పడే పద్ధతి తెచ్చింది. దీన్నే ఇండెక్సింగ్ అంటారు. ఇప్పుడు మనం వాడే గేర్ సైకిళ్లన్నీ దాదాపు ఈ దారిలోనే నడుస్తున్నాయి.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. షిమానో 8 స్పీడ్ సెటప్‌లో ఒక కాగ్ మధ్య నుంచి పక్క కాగ్ మధ్యకి దూరం 4.8 మిల్లీమీటర్లు. షిఫ్టర్ ఒక్క క్లిక్‌కి కేబుల్‌ని సుమారు 2.8 మిల్లీమీటర్లు లాగుతుంది. డిరైలర్ దాన్ని సుమారు 1.7 రెట్లు చేస్తుంది. గుణిస్తే దాదాపు 4.8. అంటే కేబుల్ ఒక మిల్లీమీటర్ లూజైనా, డిరైలర్ 1.7 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతుంది. చైన్ కాగ్ మీదికి ఎక్కలేక పక్కన గీసుకుంటూ ఉంటుంది. మనకి వినిపించే కటకట అదే. 10 స్పీడ్‌లో ఈ కాగ్‌ల దూరం 3.95 మిల్లీమీటర్లే. గేర్లు పెరిగేకొద్దీ తప్పుకి చోటు తగ్గుతుంది.

స్టెప్ 1: ఏదీ తిప్పకుండా చూడండి

వెనక వీల్ నేలకి తగలకుండా సైకిల్‌ని పైకి లేపాలి. స్టాండ్ లేకపోతే ఫ్రెండ్‌ని సీటు పట్టుకుని ఎత్తమనండి, లేదా సీటుకి గట్టి తాడు కట్టి వేలాడదీయండి. తలకిందులుగా పెట్టినా పని జరుగుతుంది కానీ కుడి ఎడమలు తికమక అవుతాయి. పెడల్ తిప్పుతున్నప్పుడు వేళ్లు, బట్టలు చైన్‌కి, స్పోక్స్‌కి దూరంగా ఉంచండి.

ఇక్కడ ఫోన్ బాగా పనికొస్తుంది. మొదట ప్రతి స్క్రూకి దగ్గరగా ఫోటో తీసుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే మీ బ్యాకప్. రెండోది, సైకిల్ వెనక కూర్చుని, కెమెరాలో గ్రిడ్ లైన్స్ ఆన్ చేసి, డిరైలర్‌ని సూటిగా వెనక నుంచి ఫోటో తీయండి. పై పుల్లీ, కింది పుల్లీ రెండూ ఒకే నిలువు గీత మీద, కాగ్‌కి సమాంతరంగా కనిపించాలి. కింది పుల్లీ స్పోక్స్ వైపు వంగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే.

హ్యాంగర్ అంటే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి కలిపే చిన్న మెటల్ ముక్క. చాలా సైకిళ్లలో ఇది మెత్తటి అల్యూమినియంతో, విడిగా మార్చుకునేలా ఉంటుంది. సైకిల్ కుడి పక్కకి ఒక్కసారి పడినా ఇది వంగవచ్చు. ఇది వంగి ఉంటే ఎంత ట్యూనింగ్ చేసినా రెండు గేర్లు బాగుంటాయి, మూడోది చెడుతుంది. దీన్ని సరిచేయడానికి అలైన్‌మెంట్ గేజ్ ఉన్న షాపుకే వెళ్లండి. ప్లయర్‌తో మీరే వంచకండి, విరిగిపోతుంది.

అలాగే వెనక వీల్ ఫ్రేమ్‌లో పూర్తిగా కూర్చుందా, కేబుల్ పోగులు ఎక్కడైనా తెగి పైకి లేచాయా, కేబుల్ తొడుగు నలిగిపోయిందా చూడండి. వీటిలో ఏదైనా ఉంటే ముందు అది సరిచేసి తర్వాత ముందుకి వెళ్లండి.

స్టెప్ 2: లక్షణాన్ని బట్టి కారణం

పెడల్ తిప్పుతూ ఒక్కో గేర్ మార్చండి. ముందు పైకి, తర్వాత కిందికి. వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే చైన్ ఎక్కడ తడబడుతోందో స్పష్టంగా కనిపిస్తుంది.

పెద్ద కాగ్‌కి ఎక్కడానికి లేట్ అయితే కేబుల్ టెన్షన్ తక్కువ.

చిన్న కాగ్‌కి దిగడానికి లేట్ అయితే టెన్షన్ ఎక్కువ, లేదా కేబుల్ తొడుగులో తుప్పు, మట్టి చేరి స్ప్రింగ్‌ని ఆపుతున్నాయి.

ఎక్కడానికీ, దిగడానికీ రెండిటికీ లేట్ అయితే కేబుల్‌లో రాపిడి ఎక్కువగా ఉంది, లేదా హ్యాంగర్ వంగింది. ఇది స్క్రూలతో పోదు.

చైన్ చివరి చిన్న కాగ్ దాటి ఫ్రేమ్ వైపు పడిపోతే హెచ్ స్క్రూ. పెద్ద కాగ్ దాటి స్పోక్స్ వైపు పోతే ఎల్ స్క్రూ. ఈ చివరిది కనిపిస్తే సైకిల్ అస్సలు తొక్కకండి. నాకు జరిగింది ఇదే.

గట్టిగా తొక్కినప్పుడు చైన్ పళ్ల మీద జారి దడేల్‌మంటే అది చాలాసార్లు అడ్జస్ట్‌మెంట్ కాదు, చైన్ లేదా కాగ్ అరిగిపోవడం.

స్టెప్ 3: నాబ్‌తో ట్యూనింగ్

పదిలో ఎక్కువసార్లు పని ఇక్కడే అయిపోతుంది. కేబుల్ తొడుగు డిరైలర్‌లోకి దూరే చోట, లేదా షిఫ్టర్ నుంచి బయటికొచ్చే చోట చేత్తో తిప్పగలిగే ఒక నాబ్ ఉంటుంది. పేరు బ్యారెల్ అడ్జస్టర్. దీన్ని విప్పుతున్నట్టు బయటికి తిప్పితే టెన్షన్ పెరుగుతుంది, లోపలికి బిగిస్తే తగ్గుతుంది. డిరైలర్ దగ్గరున్న దాన్ని సైకిల్ వెనక నుంచి చూస్తూ తిప్పండి. అపసవ్య దిశలో తిప్పితే చైన్ ఎడమకి, అంటే స్పోక్స్ వైపుకి జరుగుతుంది. సవ్య దిశలో అయితే కుడికి.

ఇప్పుడు చైన్‌ని వెనక చివరి చిన్న కాగ్ మీద పెట్టి, షిఫ్టర్ ఒక్క క్లిక్ నొక్కండి. రెండో కాగ్‌కి ఎక్కకపోతే నాబ్‌ని పావు చుట్టు బయటికి తిప్పండి. మళ్లీ ట్రై చేయండి. ఒకేసారి మూడో కాగ్‌కి దూకితే పావు చుట్టు లోపలికి. రెండో కాగ్ మీద స్థిరంగా కూర్చున్నాక ఫైన్ ట్యూనింగ్: చైన్ మూడో కాగ్‌ని తాకి గరగరమనేంత వరకు నాబ్‌ని కొంచెం కొంచెంగా బయటికి తిప్పండి. సౌండ్ రాగానే ఆపి, ఆ సౌండ్ పోయేంత వరకు మాత్రమే వెనక్కి తిప్పండి. ఆ పాయింట్‌లో వదిలేయండి. తర్వాత అన్ని గేర్లూ పైకి, కిందికి ఒకసారి మార్చి చూడండి.

రూల్ ఒక్కటే. ఒకసారికి పావు చుట్టు, తర్వాత టెస్ట్. రెండూ కలిపి ఎప్పుడూ మార్చొద్దు.

నాబ్ పూర్తిగా బయటికి వచ్చేసినా టెన్షన్ చాలకపోతే, దాన్ని లోపలికి బిగించి ఒక చుట్టు మాత్రం వెనక్కి తీయండి. చైన్ చిన్న కాగ్ మీద, షిఫ్టర్ కూడా అదే గేర్‌లో ఉండాలి. డిరైలర్‌కి కేబుల్ బిగించిన బోల్ట్‌ని అలెన్ కీతో వదులు చేసి, కేబుల్‌ని చేత్తో బిగుతుగా లాగి మళ్లీ బిగించండి. కొత్త సైకిల్‌లోనూ, కొత్త కేబుల్ వేసినప్పుడూ మొదటి కొన్ని వారాల్లో ఇలా లూజవడం మామూలే. తొడుగు, దాని చివరి క్యాప్‌లు సర్దుకుంటాయి. అది డిఫెక్ట్ కాదు.

స్టెప్ 4: హెచ్, ఎల్ స్క్రూలు ఎప్పుడు ముట్టుకోవాలి?

ఇవి గేర్లు ట్యూన్ చేయడానికి కాదు. డిరైలర్ ఎంత దూరం వెళ్లొచ్చో చెప్పే రెండు గోడలు మాత్రమే. హెచ్ బయటి గోడ, చిన్న కాగ్ దగ్గర. ఎల్ లోపలి గోడ, పెద్ద కాగ్ దగ్గర. మధ్య గేర్లలో వచ్చే కటకటకి వీటితో సంబంధమే లేదు. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. మధ్య గేర్ల సౌండ్ కోసం ఎల్ స్క్రూ వదులు చేసి, స్పోక్స్‌కి అడ్డంగా ఉన్న గోడ తీసేశాను.

చివరి గేర్లలో తేడా ఉంటేనే వీటిని ముట్టుకోండి. కేబుల్ వదులుగా ఉన్నప్పుడు, చైన్ చిన్న కాగ్ మీద ఉండగా వెనక నుంచి చూస్తే పై పుల్లీ ఆ కాగ్ కింద సూటిగా ఉండాలి. చైన్ బయటికి పడుతుంటే హెచ్ స్క్రూని సవ్య దిశలో పావు చుట్టు బిగించండి. కాగ్ మీదికి దిగలేకపోతే పావు చుట్టు వదులు చేయండి.

ఎల్ కోసం, పెడల్ నెమ్మదిగా తిప్పుతూ డిరైలర్‌ని చేత్తో లోపలికి తోయండి. చైన్ పెద్ద కాగ్ మీదికి హాయిగా ఎక్కాలి, కానీ ఎంత తోసినా దాన్ని దాటకూడదు. దాటుతుంటే ఎల్‌ని సవ్య దిశలో బిగించండి. ఎక్కకపోతే ముందు కేబుల్ టెన్షన్ చూడండి. అది సరిగ్గా ఉంటేనే ఎల్‌ని పావు చుట్టు వదులు చేయండి. ఈ టెస్ట్ అవ్వకుండా సైకిల్‌ని రోడ్డు మీదికి తీయొద్దు.

మూడో స్క్రూ బి స్క్రూ. ఇది పై పుల్లీకి, పెద్ద కాగ్‌కి మధ్య ఖాళీని మారుస్తుంది. మామూలుగా 5 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. పుల్లీ కాగ్‌కి రాసుకుంటుంటే కొంచెం బిగించండి.

ముందు గేర్ల సంగతి

ముందున్న డిరైలర్ ఒక చిన్న పంజరం లాంటిది. దాని బయటి ప్లేట్‌కి, ముందున్న పెద్ద చక్రం పళ్లకి మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రెండూ సమాంతరంగా ఉండాలి. దీనికీ హెచ్, ఎల్ స్క్రూలు ఉంటాయి, లాజిక్ అదే. ముందు పెద్దది, వెనక కూడా పెద్దది వాడితే, లేదా రెండూ చిన్నవే వాడితే చైన్ ఐమూలగా వెళ్లి ముందు డిరైలర్‌కి రాసుకుంటుంది. దానికి ట్యూనింగ్ అక్కర్లేదు, ఆ కాంబినేషన్లు మానేస్తే చాలు. 24 గేర్లు అని రాసి ఉన్నా అన్నీ వాడటానికి కాదు.

మెయింటెనెన్స్: నెలకి ఒక అరగంట

మన దుమ్ముకి, వానకి చైన్ ముందు బలి అవుతుంది. వానలో తడిసిన సైకిల్‌ని అలాగే వదిలేయకుండా పొడి గుడ్డతో చైన్ తుడవండి. నెలకోసారి పాత టూత్ బ్రష్, కొంచెం డీగ్రీజర్ లేదా కిరోసిన్‌తో చైన్, కాగ్‌లు, పుల్లీలు శుభ్రం చేయండి. కిరోసిన్ వాడితే ఆరుబయట, మంటకి దూరంగా వాడండి. డిస్క్ బ్రేక్ మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు, బ్రేక్ పట్టడం మానేస్తుంది.

పూర్తిగా ఆరాక చైన్ లూబ్. ప్రతి లింక్ లోపలి రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పది నిమిషాలు ఆగి, పైన మిగిలింది మొత్తం గుడ్డతో తుడిచేయండి. ఆయిల్ పని రోలర్ లోపల. పైన ఉన్న ఆయిల్ దుమ్ముని పట్టి సానరాయి పేస్ట్‌లా చైన్‌ని అరగదీస్తుంది. బైక్ ఇంజిన్ ఆయిల్‌తో వచ్చే గొడవ ఇదే. తుప్పు వదిలించే స్ప్రేలు మురికి పోగొట్టడానికి బాగుంటాయి కానీ లూబ్‌గా ఎక్కువ దూరం నిలవవు.

చైన్ అరుగుదలని స్కూల్ స్కేల్‌తోనే కొలవొచ్చు. చైన్ పిన్నుల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. స్కేల్ సున్నాని ఒక పిన్ను మధ్యలో పెడితే, 24 లింకుల తర్వాత వచ్చే పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. 1.6 మిల్లీమీటర్లు దాటితే చైన్ మార్చే టైమ్ వచ్చింది. 3.2 మిల్లీమీటర్లు దాటితే అరిగిన చైన్ కాగ్‌లని కూడా తినేసి ఉంటుంది, రెండూ మార్చాల్సి రావచ్చు. చైన్ ధర కాగ్‌ల సెట్ కంటే సాధారణంగా తక్కువ కాబట్టి, టైమ్‌కి చైన్ మారిస్తే మనకే లాభం.

కేబుల్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. గేర్ కేబుల్ తొడుగు, బ్రేక్ కేబుల్ తొడుగు చూడటానికి ఒకేలా ఉన్నా ఒకటి కాదు. గేర్ తొడుగులో స్టీల్ తీగలు నిలువుగా ఉంటాయి. దాన్ని బ్రేక్‌కి వేస్తే గట్టిగా బ్రేక్ నొక్కినప్పుడు పగిలిపోవచ్చు. షాపులో ఏది చేతికిస్తే అది వేయించుకోకండి.

మరి ఎలక్ట్రానిక్ గేర్లు కొంటే ఈ గోల ఉండదా?

ఇది మన సైట్‌లో ఎవరైనా అడిగే ప్రశ్నే. షిమానో డీఐ2 2009లో, స్రామ్ వైర్‌లెస్ ఈట్యాప్ 2015లో వచ్చాయి. వీటిలో కేబుల్ బదులు మోటార్ డిరైలర్‌ని కదుపుతుంది. కేబుల్ లేదు కాబట్టి లూజవడం, తుప్పు పట్టడం ఉండవు. కానీ హ్యాంగర్ వంగితే వాటికీ గేర్లు పడవు. లిమిట్ స్క్రూలు, బి స్క్రూ వాటిలోనూ ఉన్నాయి, చైన్ వాటిలోనూ అరుగుతుంది. పైగా చార్జింగ్ పెట్టాలి. మన బడ్జెట్‌కి, ఆఫీసు రైడ్‌కి కేబుల్ గేర్లే చాలు.

ఇప్పుడు నా సైకిల్ 8 గేర్లూ సౌండ్ లేకుండా పడుతున్నాయి. టూల్స్ పెద్దగా కొనలేదు: ఒక స్టార్ స్క్రూ డ్రైవర్, అలెన్ కీ సెట్, లూబ్ బాటిల్. మిగతాది ఫోనే. మీ సైకిల్‌లో ఇవాళే ఒక చిన్న పని చేయండి. వెనక నుంచి ఒక ఫోటో, గేర్లు మారుస్తూ ఒక స్లో మోషన్ వీడియో తీయండి. లేట్ అవుతున్నది ఎక్కడానికా, దిగడానికా చూడండి. ఆ జవాబు తెలిశాకే చెయ్యి నాబ్ మీద పెట్టండి. అప్పటిదాకా స్క్రూ డ్రైవర్ డ్రాయర్‌లోనే ఉండనివ్వండి.